కనీస వేతనంలో కోత ఎక్కడ పడుతుంది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. 1948 నాటి కనీస వేతనాల చట్టం, 1936 నాటి వేతన చెల్లింపు చట్టం, బోనస్ చట్టం, సమాన వేతన చట్టం నాలుగూ అందులో కలిసిపోయాయి. పాత చట్టం కింద వచ్చిన రేట్ల నోటిఫికేషన్లు కొత్త కోడ్‌కు విరుద్ధం కానంతవరకు చెల్లుతూనే ఉంటాయి. మాకు వచ్చిన ఉత్తరాల సారం ఇది: రేటు ఎంతో తెలుసు, అది చేతికెందుకు రావడం లేదు? కింది లెక్కల్లో పాఠకులు రాసిన అంకెలు, లెక్కకు వీలుగా ఉండే అంకెలు వాడాం. మీ కేటగిరీకి, మీ జోన్‌కు ఉన్న రేటు నోటిఫికేషన్‌లో చూసి ఆ స్థానంలో పెట్టుకోండి.

ప్రశ్న: సెక్యూరిటీ గార్డుగా రోజుకు 12 గంటల డ్యూటీ. నెలకు 15,000 ఇస్తున్నారు. మా కేటగిరీకి వీడీఏ (ధరలను బట్టి మారే కరువు భత్యం)తో కలిపి కనీస వేతనం 13,000 అని ఏజెన్సీ వాళ్లే కాగితం చూపించారు. "గవర్నమెంటు రేటు మీద ఇంకో 2,000 ఎక్కువే ఇస్తున్నాం కదా" అంటున్నారు. నిజమేనా?
— ఒక గార్డు, గచ్చిబౌలి

కాదు. ఆ 13,000 ఎనిమిది గంటల రోజుకు కట్టిన రేటు. మీరు చేస్తున్నది పన్నెండు గంటలు. ఓవర్‌టైమ్ (ఓటీ)కు మామూలు రేటుకు రెట్టింపు తగ్గకుండా ఇవ్వాలని కోడ్‌లోని సెక్షన్ 14 చెబుతుంది. లెక్క వేద్దాం.

నెల రేటును 26తో భాగిస్తే రోజుకు 500. దాన్ని 8తో భాగిస్తే గంటకు 62.50. ఓటీ గంటకు 125. రోజుకు 4 గంటల చొప్పున 26 రోజులకు 104 గంటలు. 104ను 125తో గుణిస్తే 13,000. అంటే మీకు రావలసింది 13,000 ప్లస్ 13,000, మొత్తం 26,000. వస్తున్నది 15,000. నెలకు 11,000 కోత పడుతోంది.

ఇందులో చిత్రమేమీ లేదు. పన్నెండు గంటల డ్యూటీలో మొదటి 8 గంటలు ఒంటి రేటు, తర్వాతి 4 గంటలు రెట్టింపు రేటు. అంటే 16 గంటల జీతం. కాబట్టి 12 గంటల డ్యూటీ అంటే ఎక్కడైనా, ఏ రేటుకైనా, కనీస వేతనం సరిగ్గా రెట్టింపు కావాలి. గుర్తుపెట్టుకోవడానికి ఇంత తేలికైన లెక్క చట్టంలో మరొకటి లేదు, ఇంత విరివిగా ఎగ్గొట్టేదీ మరొకటి లేదు.

వారాంతపు సెలవు కూడా లేకుండా 30 రోజులూ నిలబెడుతుంటే, సెలవు రోజు పనికి ఓటీ రేటుకు తగ్గకుండా ఇవ్వాలి. మీ లెక్క ప్రకారం ఆ 12 గంటలకు 1,500.

"రోజుకు 10 గంటలు చేయించుకోవచ్చని కొత్తగా వచ్చింది" అనే జవాబు మీకు వినిపించవచ్చు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ 2025లో కొన్ని రకాల సంస్థలకు రోజు పరిమితిని 10 గంటలకు సడలించిన మాట నిజమే. వారానికి 48 గంటల పరిమితి మాత్రం కదల్లేదు. మీరు ఆరు రోజుల్లో 72 గంటలు చేస్తున్నారు. 48 తీసేస్తే 24 గంటల ఓటీ. ఎటు తిప్పినా నెలకు 104 గంటలే వస్తుంది.

గొడవ వచ్చేది రుజువు దగ్గర. ఏజెన్సీ మస్టర్ (హాజరు పట్టీ)లో 8 గంటలే రాస్తారు, సంతకం మీతోనే పెట్టిస్తారు. అందుకని గేటు దగ్గర షిఫ్టు మారేటప్పుడు రాసే చార్జి పుస్తకం పేజీలు, వాట్సాప్‌లో సూపర్‌వైజర్ పెట్టే డ్యూటీ చార్టు, మీరు పనిచేసే భవనం విజిటర్ల రిజిస్టరులో మీ చేతిరాత ఉన్న ఎంట్రీలు నెలకు నాలుగైదు రోజులవైనా ఫొటో తీసి పెట్టుకోండి. తేదీ, సమయం కనపడాలి. బకాయిలు చెల్లించామని నిరూపించే భారం యజమానిదేనని సెక్షన్ 59 చెబుతున్నా, గంటల దగ్గర మాత్రం మీ దగ్గర ఏదో ఒక కాగితం ఉంటేనే కేసు నిలుస్తుంది.

ప్రశ్న: నా పే స్లిప్పులో బేసిక్, డీఏ కలిపి 7,000, ఇంటి అద్దె భత్యం (హెచ్ఆర్ఏ) 9,000, రవాణా భత్యం 4,000. మొత్తం 20,000. మా కేటగిరీ కనీస వేతనం 13,000. మొత్తం మీద చూస్తే ఎక్కువే కాబట్టి తప్పు లేదంటున్నారు.
— ఒక అకౌంట్స్ అసిస్టెంట్, విజయవాడ

పాత చట్టంలో "వేతనం" అన్న మాటలో ఇంటి అద్దె భత్యం కూడా కలిసి ఉండేది. అందుకే చాలా కంపెనీలు బేసిక్‌ను కిందికి నొక్కి హెచ్ఆర్ఏను పైకి లేపాయి. కనీస వేతనం దాటినట్టూ ఉంటుంది, పీఎఫ్, గ్రాట్యుటీ లెక్క తగ్గినట్టూ ఉంటుంది. కొత్త కోడ్ నిర్వచనంలో హెచ్ఆర్ఏ, రవాణా భత్యం, ఓటీ, కమీషన్, యజమాని వాటా పీఎఫ్ లాంటివి వేతనంలోంచి బయటికి పోయాయి. అయితే బయట పెట్టినవాటి మొత్తం, మొత్తం జీతంలో సగం దాటితే, దాటినంత మళ్లీ వేతనంలో కలపాలి.

మీ స్లిప్పులో బయట పెట్టినవి 9,000 ప్లస్ 4,000, అంటే 13,000. మొత్తం జీతంలో సగం 10,000. దాటినది 3,000. దాన్ని 7,000కు కలిపితే మీ వేతనం 10,000. కనీస రేటు 13,000తో పోల్చవలసింది ఈ అంకెనే. నెలకు 3,000 తక్కువ.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. మొదటిది, "స్పెషల్ అలవెన్స్" పేరుతో ఉన్న మొత్తాన్ని కూడా మినహాయింపుల్లో వేయడం. మినహాయింపుల జాబితాలో ఆ పేరు లేదు. ఏ ప్రత్యేక ఖర్చు కోసమో చెప్పకుండా అందరికీ నెలనెలా ఇచ్చే అలవెన్స్ వేతనమే అవుతుంది. రెండోది, అన్ని చోట్లా ఒకే నిర్వచనం వాడేయడం. స్త్రీ పురుషుల సమాన వేతనం, జీతం చెల్లింపు విషయాలకు వచ్చేసరికి హెచ్ఆర్ఏ, రవాణా భత్యం, ఓటీ కూడా వేతనం కిందే లెక్క. జీతం ఆపేసి "హెచ్ఆర్ఏ వేతనం కాదు కదా" అనడానికి వీల్లేదన్నమాట.

ప్రశ్న: వీడీఏ లెక్క మా మేనేజ్‌మెంటు ఒకలా, మా యూనియన్ ఒకలా వేస్తోంది. తేడా చాలా ఎక్కువగా వస్తోంది. సరైన పద్ధతి ఏమిటి?
— ఒక యూనియన్ కార్యదర్శి, విశాఖపట్నం

తేడా చాలా ఎక్కువగా ఉందంటే సాధారణంగా కారణం ఒకటే: సూచీల సిరీస్ కలిపేటప్పుడు లింకింగ్ ఫ్యాక్టర్ (కొత్త సిరీస్ అంకెను పాత సిరీస్‌లోకి మార్చే గుణకం) వదిలేయడం. వీడీఏను పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచీకి ముడిపెట్టి ఏప్రిల్ 1న, అక్టోబరు 1న సవరిస్తారు. ఇప్పుడు సిమ్లాలోని లేబర్ బ్యూరో విడుదల చేసే సూచీకి ఆధారం 2016 = 100. మీ నోటిఫికేషన్ ఏ సిరీస్‌లో పాయింట్లు చెప్పిందో ముందు చూడండి. పాత జీవోల్లో 1982 = 100 సిరీసే ఉంటుంది. 2016 సిరీస్ నుంచి 2001 సిరీస్‌కు వెళ్లాలంటే 2.88తో, 2001 నుంచి 1982కు వెళ్లాలంటే 4.63తో గుణించాలి.

ఉదాహరణకు ఆరు నెలల సగటు సూచీ 130 అనుకుందాం. 130ని 2.88తో గుణిస్తే 374.4. దాన్ని 4.63తో గుణిస్తే 1,733. జీవోలో ఆధార పాయింట్లు 1,400, పాయింటుకు 8.50 రూపాయలు అని ఉంటే, 333 పాయింట్లకు 2,830.50. ఇదే వీడీఏ. మేనేజ్‌మెంటు 374 దగ్గరే ఆగిపోతే ఆధార పాయింట్ల కంటే తక్కువ వస్తుంది, "ఈసారి వీడీఏ లేదు" అని నోటీసు బోర్డు మీద పెట్టేస్తారు. ఒక్క నెల సూచీ తీసుకున్నారా, ఆరు నెలల సగటు తీసుకున్నారా అన్నది కూడా జీవోలో చెప్పినట్టే ఉండాలి.

ఇంకో మాట. బేసిక్ ఇప్పటికే కనీస వేతనం, వీడీఏ రెండూ కలిపిన మొత్తాన్ని మించి ఉంటే, వీడీఏ విడిగా ఇమ్మని అడగడానికి లేదు. ఎయిర్‌ఫ్రైట్ కేసులో 1999లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. యూనియన్లు ఓడిపోయే చోటు ఇది. ముందే చూసుకుని అడగండి.

మీది ఉక్కు కర్మాగారం, పోర్టు లాంటి కేంద్ర పరిధి సంస్థ అయితే రాష్ట్ర జీవో కాదు, కేంద్ర రేట్లు చూడాలి. ఆ ఆవరణలో పనిచేసే కాంట్రాక్టర్లకూ అదే వర్తిస్తుంది. సింగరేణి గనుల్లో కాంట్రాక్టు కార్మికులదీ అదే సంగతి.

ప్రశ్న: పెద్ద ఫ్యాక్టరీలో కాంట్రాక్టర్ కింద ప్యాకింగ్ పని చేశాం, 38 మందిమి. మూడు నెలల జీతం ఇవ్వకుండా కాంట్రాక్టర్ ఫోను ఆపేశాడు. ఫ్యాక్టరీ వాళ్లు "మీరు మా మనుషులు కాదు" అంటున్నారు. ఎవరిని అడగాలి?
— ఒక కార్మికురాలు, పటాన్‌చెరు

ఇద్దరినీ. ఫ్యాక్టరీని తప్పకుండా.

కోడ్‌లోని సెక్షన్ 43 సూటిగా ఉంది. యజమాని చెల్లించకపోతే, ఆ పని జరుగుతున్న సంస్థ హక్కుదారైన కంపెనీయే చెల్లించాలి. కాంట్రాక్టు కార్మికుల విషయంలో ఇది కొత్త సంగతి కూడా కాదు. 1970 నాటి కాంట్రాక్టు లేబర్ చట్టం సెక్షన్ 21లో ప్రధాన యజమాని మీద ఇదే బాధ్యత ఉండేది. కంపెనీ మీకు చెల్లించి, తర్వాత కాంట్రాక్టర్ బిల్లులోంచి పట్టుకుంటుంది. అది వాళ్లిద్దరి లెక్క. "మా మనుషులు కాదు" అన్నది ఉద్యోగం పర్మనెంటు చేయమని అడిగినప్పుడు పనికొచ్చే వాదన. చేసిన పనికి జీతం అడిగినప్పుడు పనికిరాదు.

చేయవలసినవి ఇవి. ముందు 38 మందికీ కలిపి ఒకే పట్టిక తయారు చేయండి: పేరు, చేరిన తేదీ, పని రకం, ఏ నెలలో ఎన్ని రోజులు, ఎన్ని ఓటీ గంటలు, రోజు రేటు, రావలసింది, వచ్చింది, బకాయి. "మూడు నెలల జీతం రాలేదు" అని ఒక్క వాక్యంలో రాసిన అర్జీలు ఏళ్ల తరబడి వాయిదాలు పడతాయి. పట్టిక ఉంటే వాదన అంకెల మీదికి వస్తుంది.

రెండోది, ఫ్యాక్టరీలో పనిచేసినట్టు ఆధారం. గేట్ పాస్, క్యాంటీన్ టోకెన్, ఈఎస్ఐ కార్డు, బ్యాంకు స్టేట్‌మెంటులో పాత జీతాలు పడిన ఎంట్రీలు. యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) ఉంటే పీఎఫ్ పాస్‌బుక్ తీయండి. అందులో ఉద్యోగి వాటాను 0.12తో భాగిస్తే కాంట్రాక్టర్ మీ వేతనం ఎంతని చూపించాడో బయటపడుతుంది. వాటా 840 ఉందంటే 7,000 మీద కట్టాడు. మీకు 13,000 రావాల్సి ఉంటే కనీస వేతనం ఎగ్గొట్టినట్టు అతని కాగితమే చెబుతోంది. ఈ ఒక్క లెక్క చాలా కేసులను మలుపు తిప్పుతుంది, కానీ అడిగితే తప్ప ఎవరూ తీయరు.

మూడోది, అర్జీ. సెక్షన్ 45 కింద క్లెయిమ్ వేయండి. ఎంతమంది ఉన్నా ఒకే అర్జీ చాలు. కార్మికులే వేయవచ్చు, మీరు సభ్యులైన రిజిస్టర్డ్ యూనియన్ వేయవచ్చు, ఇన్‌స్పెక్టర్ కూడా వేయవచ్చు. మీ ప్రాంత సహాయ కార్మిక అధికారి కార్యాలయంలో అడిగితే ఏ అధికారి ముందు వేయాలో చెబుతారు. అర్జీలో కాంట్రాక్టర్‌ను ఒకటో ప్రతివాదిగా, కంపెనీని రెండో ప్రతివాదిగా పెట్టండి. కాంట్రాక్టర్ ఒక్కడి పేరే పెట్టడం అన్నిటికంటే ఖరీదైన పొరపాటు. ఉత్తర్వు మీకే వస్తుంది, వసూలు చేయడానికి మనిషి దొరకడు.

బకాయితో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఆ అధికారికి ఉంది. కాబట్టి పరిహారం కూడా కోరుతున్నట్టు అర్జీలోనే రాయండి. మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. ఉత్తర్వు వచ్చాక కట్టకపోతే భూమి శిస్తు బకాయిలా కలెక్టర్ ద్వారా వసూలు చేయించవచ్చు.

గడువు మూడేళ్లు. పాత కనీస వేతనాల చట్టంలో అది ఆరు నెలలే. 2025 నవంబరు 21కి ముందు నెలల బకాయి ఉంటే పాత గడువే వర్తిస్తుందని ఎదుటివాళ్లు వాదిస్తారు. కనుక ఆలస్యానికి కారణం, ఎన్నిసార్లు అడిగారు, ఎవరిని అడిగారు, అర్జీలో ఒక పేరాగా రాయండి. కారణం సరైనదనిపిస్తే గడువు దాటినా తీసుకునే వీలు పాత చట్టంలోనూ ఉంది, కొత్తదానిలోనూ ఉంది.

చివరగా, మధ్యలో ఎవరైనా వచ్చి "తలా ఐదు వేలు తీసుకుని సంతకం పెట్టండి" అంటే, డబ్బు తీసుకోవచ్చు. వోచర్ మీద "బకాయిలో కొంత భాగం" అని మీ చేత్తో రాసి, తేదీ వేసి సంతకం పెట్టండి. హక్కు వదులుకుంటున్నట్టు రాయించుకున్న ఒప్పందం సెక్షన్ 60 ప్రకారం చెల్లదు. అయినా ఖాళీ కాగితం మీద సంతకం పెట్టాక దాన్ని నిరూపించుకోవడం వేరే యుద్ధం.

ప్రశ్న: అసలు కనీస వేతనం ఇంత ఉండాలని దేన్ని బట్టి నిర్ణయిస్తారు? మా క్లాసులో ఎవరికీ తెలియలేదు.
— ఒక ఎంఏ ఎకనామిక్స్ విద్యార్థిని, తిరుపతి

దీనికి మన దేశంలో 1957 నుంచీ ఒక సూత్రం ఉంది. ఆ ఏడాది 15వ భారత కార్మిక సదస్సు ఒప్పుకున్నది ఇది: సంపాదించే మనిషి ఒకరికి మూడు వినియోగ యూనిట్లు, యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీల తిండి, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, ఇవి కాక ఇంధనం, దీపం, ఇతర ఖర్చులకు మొత్తం వేతనంలో 20 శాతం. 1991లో రెప్టకోస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు పిల్లల చదువు, వైద్యం, పండుగలు, పెళ్లిళ్లు, వృద్ధాప్యం కోసం మొత్తం వేతనంలో మరో 25 శాతం కలపాలంది.

మూడు యూనిట్లు ఎలా వచ్చాయో చూడండి. మగవాడు 1, భార్య 0.8, ఇద్దరు పిల్లలు 0.6 చొప్పున. మొత్తం 3. కూలికి వెళ్లే ఆడమనిషి ఎనిమిది అణాల మనిషి కాకపోయినా పదమూడు అణాల మనిషే అయింది ఈ లెక్కలో. పైగా ముసలి తల్లిదండ్రుల ఊసే లేదు. అనూప్ శత్పథి నాయకత్వంలోని నిపుణుల కమిటీ 2019లో యూనిట్లను 3.6కు పెంచి, కేలరీలను 2,400కు తగ్గించి, 50 గ్రాముల మాంసకృత్తులు, 30 గ్రాముల కొవ్వు చేర్చి, 2018 జూలై ధరల్లో రోజుకు 375 రూపాయలు ఉండాలంది. అప్పటికి చట్టబద్ధత లేని జాతీయ కనీస స్థాయి వేతనం 176 మాత్రమే. ఆ అంతరం గురించి మీ క్లాసులో ఒక గంట మాట్లాడుకోవచ్చు.

పరీక్షలోనూ, వేతన కమిటీల్లోనూ అందరూ తప్పే చోటు ఒకటుంది. తిండి, బట్ట, అద్దె కలిపి 11,000 అయిందనుకోండి. 20 శాతం, 25 శాతం ఈ 11,000 మీద వేస్తే 4,950 కలిసి 15,950 వస్తుంది. ఇది తప్పు. ఆ శాతాలు మొత్తం వేతనంలో. అంటే తిండి, బట్ట, అద్దె కలిసి మొత్తంలో 55 శాతం. 11,000ను 0.55తో భాగించాలి: 20,000. ఒక్క భాగహారం దగ్గర మనిషికి నెలకు 4,050 తేడా.

ప్రశ్న: నాకు చిన్న యూనిట్ ఉంది, 14 మంది పనివాళ్లు. ఒక పెద్ద కంపెనీకి విడిభాగాలు సరఫరా చేస్తాం. కనీస వేతనం పెరిగినప్పుడల్లా ఆ భారం నా మీదే పడుతోంది. వాళ్లు రేటు పెంచరు, బిల్లు నాలుగు నెలలకు ఇస్తారు. వేతనాలు పెంచితే ఉద్యోగాలు పోతాయని ఆర్థిక శాస్త్రం చెబుతోంది కదా?
— ఒక చిన్న పారిశ్రామికుడు, జీడిమెట్ల

మీ ఉత్తరంలోనే జవాబు ఉంది. మీ లాభం తినేస్తున్నది పనివాడి జీతమా, కొనేవాడి బలమా?

చట్టం సంగతి ముందు. స్తోమత లేదన్నది కనీస వేతనానికి సాకు కాదని ఉన్నిచోయి కేసులో 1961లోనే సుప్రీంకోర్టు చెప్పింది. తక్కువ ఇస్తే 50,000 వరకు జరిమానా. అయిదేళ్లలోపు మళ్లీ దొరికితే మూడు నెలల వరకు జైలు గానీ, లక్ష వరకు జరిమానా గానీ, రెండూ గానీ. ఈ విషయంలో మీకు మేం సాయపడలేం.

సాయపడగలిగేది కొనుగోలు ఒప్పందం దగ్గర. వచ్చేసారి సంతకం పెట్టేముందు వేతన సవరణ క్లాజు పెట్టమనండి. లెక్క ఇలా: విడిభాగం ధర 100, అందులో కూలి వాటా 30 శాతం, కనీస వేతనం 10 శాతం పెరిగితే కొత్త ధర 103. పెద్ద కంపెనీకి 3 శాతం పెద్ద విషయం కాదు. క్లాజు లేకపోతే మాత్రం ఆ 3 రూపాయలూ మీ జేబులోంచి పోతాయి, లేదా మీ పనివాడి ఓటీలోంచి పోతాయి. చాలా యూనిట్లలో రెండోదే జరుగుతోంది.

బిల్లు విషయంలో మీ చేతిలో ఆయుధం ఉంది, వాడుతున్నట్టు లేరు. మీరు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ లేదా చిన్న సంస్థ అయితే, 2006 నాటి ఎంఎస్ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి) చట్టం ప్రకారం ఒప్పందంలో ఏమి రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ, నెలనెలా కలిపి. రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో అర్జీ ఆన్‌లైన్‌లోనే వేయవచ్చు. ఆర్డరు పోతుందన్న భయం నిజమే. అందుకే మీలాంటి సరఫరాదారులు నలుగురు కలిసి వేసినప్పుడు పని జరుగుతుంది. సరుకు పంపేముందే రిజిస్ట్రేషన్ ఉండటం మంచిది, తర్వాత చేయించుకుంటే ఆ బిల్లుకు పనికొస్తుందా అన్న దగ్గర వివాదం వస్తుంది.

ఉద్యోగాలు పోతాయన్న సూత్రం దగ్గరికి వస్తే, పోటీ బాగా ఉన్న మార్కెట్‌ను ఊహించుకుని రాసిన సూత్రమది. పనివాళ్లను తీసుకునే సంస్థలు ఒకటో రెండో ఉన్న చోట, ఆ సంస్థ జీతం తక్కువ పెట్టి, కావలసినంత మంది రాకపోయినా సర్దుకుపోతుంది. ఒక్క కొత్త మనిషి కోసం రేటు పెంచితే పాతవాళ్లందరికీ పెంచాలి కదా, అదే దాని భయం. అలాంటి చోట ప్రభుత్వం రేటు పెంచితే ఆ భయానికి అర్థం ఉండదు. ఉద్యోగాలు తగ్గకపోవచ్చు, పెరగవచ్చు కూడా. 1992 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూజెర్సీ గంట వేతనాన్ని 4.25 డాలర్ల నుంచి 5.05కు పెంచింది. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అక్కడా, పక్కనున్న తూర్పు పెన్సిల్వేనియాలోనూ 410 ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలను పోల్చి చూస్తే ఉద్యోగాలు తగ్గిన జాడ కనపడలేదు. దీని మీద వాదోపవాదాలు చాలా నడిచాయి. కార్డ్‌కు 2021లో నోబెల్ వచ్చింది. అలాగని ఎంత పెంచినా ఏమీ కాదని కాదు. ఆ ప్రాంతంలో మధ్యస్థ వేతనాన్ని కనీస వేతనం దాదాపు తాకేటంత పెంచితే చిన్న యూనిట్లే ముందు దెబ్బతింటాయి.

ప్రశ్న: కంపెనీల్లో పైవాళ్ల జీతానికీ కింది వాళ్ల జీతానికీ ఉన్న తేడా మామూలు మనిషి ఎక్కడ చూడగలడు?
— ఒక రిటైర్డు ఉపాధ్యాయుడు, ఒంగోలు

లిస్టెడ్ కంపెనీ వార్షిక నివేదికలో, డైరెక్టర్ల నివేదికకు జతచేసిన అనుబంధంలో. కంపెనీల చట్టం 2013లోని సెక్షన్ 197 ప్రకారం ప్రతి డైరెక్టరు జీతం, ఉద్యోగుల మధ్యస్థ జీతానికి ఎన్ని రెట్లో ఇవ్వాలి. మధ్యస్థం అంటే సగటు కాదు. అందరినీ జీతాల వరుసలో నిలబెడితే సరిగ్గా నడిమధ్య ఉన్నవాడి జీతం.

ఆ రెట్లు చూసి ఆగిపోకండి. ఆ మధ్యస్థంలో కంపెనీ రోల్స్ మీద ఉన్నవాళ్లే ఉంటారు. గేటు దగ్గర గార్డు, క్యాంటీన్ మనిషి, ప్యాకింగ్ అమ్మాయిలు కాంట్రాక్టర్ మనుషులు కాబట్టి ఆ వరుసలో నిలబడరు. తక్కువ జీతాల వాళ్లను రోల్స్ నుంచి కాంట్రాక్టుకు మారిస్తే మధ్యస్థం పెరుగుతుంది, రెట్లు తగ్గినట్టు కనపడుతుంది. ఖాతాల్లోనూ అంతే: రోల్స్ వాళ్లది "ఉద్యోగుల ఖర్చు" కిందికి వస్తుంది, కాంట్రాక్టు వాళ్లది చాలాసార్లు కరెంటు, రవాణాతో కలిసి "ఇతర ఖర్చులు" కిందికి పోతుంది.

అందుకని రెండో పత్రం కూడా తెరవండి. మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు 2022–23 నుంచి బీఆర్ఎస్ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత) అనే నివేదిక తప్పనిసరిగా ఇవ్వాలి. మొదటి భాగంలో పర్మనెంటు ఎంతమంది, పర్మనెంటు కానివాళ్లు ఎంతమంది అని పట్టిక ఉంటుంది. తర్వాత ఐదో సూత్రం కింద ఒక పట్టిక: సరిగ్గా కనీస వేతనమే తీసుకునేవాళ్లు ఎంతమంది, అంతకంటే ఎక్కువ తీసుకునేవాళ్లు ఎంతమంది, పర్మనెంటు, పర్మనెంటు కానివాళ్లు, ఆడ, మగ వేర్వేరుగా. పర్మనెంటు కాని వాళ్లలో నూటికి నూరు మందీ "కనీస వేతనానికి సమానం" గడిలో ఉన్నారంటే, ఆ కంపెనీకి చట్టం నేల కాదు, పైకప్పు అన్నమాట.

దేశం మొత్తం బొమ్మ కావాలంటే, వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ 2024లో వేసిన అంచనా ఉంది. 2022–23లో పై 1 శాతం మంది చేతికి దేశ ఆదాయంలో 22.6 శాతం, సంపదలో 40.1 శాతం వెళ్లాయి.

ప్రశ్న: నేను ఫుడ్ డెలివరీ చేస్తాను. నాకు కనీస వేతనం వర్తిస్తుందా?
— ఒక డెలివరీ పార్ట్‌నర్, గుంటూరు

ఇప్పటి స్థితిలో లేదు. మిమ్మల్ని ఉద్యోగి అనకుండా "పార్ట్‌నర్" అనడంలోని కిటుకంతా అదే. వేతనాల కోడ్ ఉద్యోగులకే. మీ పేరు ఉన్నది సామాజిక భద్రతా కోడ్ 2020లో. యాప్ కంపెనీలు ఏడాది టర్నోవరులో 1 నుంచి 2 శాతం, మీలాంటి వాళ్లకు చెల్లించే మొత్తంలో 5 శాతం మించకుండా, సంక్షేమ నిధికి కట్టాలి. అందులోంచి ప్రమాద బీమా, వైద్యం లాంటివి రావచ్చు, గంటకు ఇంత అనే హామీ రాదు. ఈ-శ్రమ్ (అసంఘటిత కార్మికుల కేంద్ర పోర్టల్)లో ఆధార్‌తో నమోదు చేయించుకోండి.

ప్రశ్న: బీడీలు చుడతాను. వెయ్యి బీడీలకు రేటు ఉంది గానీ ఆకు తక్కువ తూచి ఇస్తారు, మిగతాది నేనే కొనుక్కోవాలి.
— ఒక బీడీ కార్మికురాలు, నిజామాబాద్

నోటిఫికేషన్‌లో వెయ్యి బీడీలకు చెప్పిన రేటు మీ చేతికి మిగలాలి, ఆకు ఖర్చు అందులోంచి పోకూడదు. రోజూ ఇచ్చిన ఆకు బరువు, తంబాకు బరువు, అప్పగించిన బీడీల లెక్క, తిప్పికొట్టినవి, బయట ఆకు కొన్న డబ్బు ఒక నోటుబుక్కులో తేదీ వారీగా రాయండి. చదువుకున్న పిల్లలతోనైనా రాయించండి. మీ వీధిలో పదిమంది రాసిన పుస్తకాలు ఒకేలా ఉంటే చాలు, కార్మిక అధికారి ముందు టేకేదారు తూకానికి జవాబు చెప్పుకోవలసి వస్తుంది. పీఎఫ్ నంబరు ఇచ్చారా లేదా కూడా ఆ రోజే అడగండి.